జ్వరం చూడని మూడు సాయంత్రాలు

ఉదయం పదీ ఇరవైకి హిందూపురం పోస్టాఫీసులో తంతి ఇచ్చాను. డాక్టరు ఒప్పుకున్నాడు, అన్నం పెట్టవచ్చు అని. ధర్మవరంలో అక్క అత్తవారింట్లో ఆ కబురు కోసమే కాచుకుని ఉన్నారు.

అక్కకు టైఫాయిడ్ వచ్చి అది నాలుగో వారం. యాభైల చివరి సంవత్సరాలవి. జ్వరం పూర్తిగా దిగకముందే అన్నం పెడితే పేగుకు రంధ్రం పడుతుందనీ, ఇక మనిషి దక్కదనీ అందరికీ భయం. బార్లీ నీళ్లు, పలచని మజ్జిగ, అంతే. మొదటి అన్నం పెట్టడాన్ని పథ్యం పెట్టడం అనేవాళ్లు. ఏడు సాయంత్రాల జ్వరానికి సగటు తీసి తెమ్మనీ, అది తొంభైతొమ్మిది దాటకపోతే పథ్యం పెట్టవచ్చుననీ హిందూపురం డాక్టరు అంతకుముందే చెప్పి ఉన్నాడు.

నేను పెనుకొండ బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. సగటు తీసే పని నాకే వచ్చింది. బావ రాసిన కాగితంలో ఏడు గళ్లున్నాయి. నాలుగింటిలోనే అంకెలు: వంద, వంద, తొంభైతొమ్మిది, వంద. మంగళవారం, శుక్రవారం, అమావాస్య గళ్లలో చిన్న గీతలు. ఆ రోజుల్లో జ్వరం కొలిచి పైకి చెబితే మళ్లీ తిరగబెడుతుందని అక్క అత్తగారి పట్టుదల.

బడిలో నేర్పే సులువు పద్ధతినే వాడాను. ప్రతి అంకెలోంచీ తొంభైఎనిమిది తీసేసి, మిగిలినవి కూడి, రోజులతో భాగించి, వచ్చినదాన్ని తిరిగి తొంభైఎనిమిదికి కలపడం. రెండు, రెండు, ఒకటి, రెండు. గీతలున్న చోట సున్నాలు వేశాను. మొత్తం ఏడు, రోజులు ఏడు. సగటు తొంభైతొమ్మిది. శేషం లేకుండా తెగినందుకు సంతోషం కూడా కలిగింది. శుభ్రమైన కాగితం మీద జవాబు మాత్రం రాసి డాక్టరుకిచ్చాను. ఆయన సరేనన్నాడు.

ధర్మవరానికి తిరుగు రైల్లో ఏమీ తోచక బావ కాగితం మళ్లీ తీశాను. తొంభైతొమ్మిది ఉన్నది ఒక్క సాయంత్రమే. మిగతా మూడూ వంద. అన్నిటికంటే చిన్న అంకె సగటు ఎలా అవుతుంది? సగటు చిన్నదానికీ పెద్దదానికీ నడుమ పడకపోతే ఎక్కడో తప్పు చేసినట్టేనని ఏటా పిల్లలకు చెప్పేవాణ్ణి. నేను వేసిన సున్నాకు అర్థం ఆ సాయంత్రం జ్వరం లేదని. ఏడుకు బదులు నాలుగుతో భాగించాను. తొంభైతొమ్మిదీ ముప్పావు.

డాక్టరు చెప్పిన హద్దు దాటింది. ఎదురుగా కూర్చున్న రొద్దం రైతు నన్ను చూసి అడిగాడు.

“ఏమప్పా, మొగమట్ల పెట్టుకున్నావు? దుడ్లు పోగొట్టుకున్నావా?”

లెక్క తప్పిందన్నాను.

“లెక్కే కదప్పా. మల్లా ఏసుకో.”

పెనుకొండలో దిగి ఇంకో తంతి ఇవ్వాలనుకున్నాను. పోస్టాఫీసు ఊళ్లో ఉంది. వెళ్లి వచ్చేలోగా బండి పోతుంది. తంతి కంటే నేనే ముందు చేరతానేమో కూడా. తేల్చుకోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. బండి కదిలిన తర్వాత, దిగి ఉండాల్సిందనిపించింది. ధర్మవరం దాకా నిలబడే ఉన్నాను.

అక్క ఇంటి సందులోకి తిరగగానే మగ్గం చప్పుడు వినిపించింది. నాలుగు వారాలుగా ఆగిపోయిన మగ్గం అది. పథ్యం పెట్టేశారని అర్థమైంది.

“పెట్టినామప్పా. మూడు ముద్దలు తినింది,” అని అత్తగారు వాకిట్లోనే చెప్పింది. ఇంకొక్క ముద్ద పెట్టించమని అక్క లోపల్నుంచి నన్ను బతిమాలింది. నవ్వడానికి ప్రయత్నించాను.

బావ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. వంగి, మెల్లగా చెప్పాను. అతను అడ్డపోగు నేసే నాడెను పక్కన పెట్టాడు.

“ఆ పొద్దులు సూడలేదని గీత గీసినా. జొరం లేదని రాసినానా?”

రాయలేదని ఒప్పుకున్నాను. మీ అక్కకు చెప్పొద్దన్నాడు.

డాక్టరు మాట మార్చాడని చెప్పి అన్నం ఆపించాము. మర్నాడు ఉదయం బావ ఆ కాగితమే పట్టుకుని హిందూపురం వెళ్లాడు. కడుపునొప్పి వస్తుందేమో కనిపెట్టి ఉండటం తప్ప చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడట. మూడు రోజులు అక్క పక్కకు తిరిగినా, మూలిగినా నేను లేచి నిలబడేవాణ్ణి. నొప్పిగా ఉందా అని అన్నిసార్లు అడిగితే అక్కకే విసుగొచ్చింది.

“ఏమిరా, నా కడుపులో ఏమన్నా దాసిపెట్టినావా?”

మూడో రోజు శుక్రవారం. ఆ సాయంత్రం అత్తగారే థర్మామీటరు తెచ్చి బావ చేతికిచ్చింది. ఆమెకు లెక్క సంగతి ఎవరు చెప్పారో తెలియదు.

ఆ ముద్దలు అక్కను ఏమీ చేయలేదు. అది నా అదృష్టం, లెక్క తప్పు మాత్రం తప్పే. ఆ తర్వాత ఖాళీ గడి కనిపిస్తే, అక్కడ ఏమీ లేదా, ఎవరూ చూడలేదా అని ముందు అడగమని పిల్లలకు చెప్పాను. ఎందుకో చెప్పలేదు. బావ పోయి చాలాకాలమైంది. అక్క ఈ ఏడాది పోయింది. ఆమెకు ఈ సంగతి చివరిదాకా తెలియదు.

ఆ ఇంట్లో ఇప్పుడు జ్వరమొస్తే మాత్ర వేసి, ఆకలన్నప్పుడు అన్నం పెడతారు. పథ్యానికి ఎవరూ రోజులు లెక్కపెట్టడం లేదు.