అత్తమ్మ నొసటి గీతలు

1986లో నేను పాతబస్తీ శాలిబండలో ఒక చర్మవైద్యుడి దగ్గర స్టాఫ్ నర్సుగా ఉండేదాన్ని. మేడ మీద రెండు గదులు, ముందు వరండా. ఆషాఢం ముసురు పట్టిందంటే మధ్యాహ్నాలు పేషెంట్లు పెద్దగా వచ్చేవారు కాదు. కింద రోడ్డు మీద తడిసిన రిక్షాల గంటలు, చూరు కింద పావురాల గొణుగుడు, గదిలో ఫ్రిజ్ సన్నటి మోత. కళ్లు తెరిచి నిద్రపోయే విద్య నాకు అక్కడే అబ్బింది. ఫలక్‌నుమాలో ఇంటెడు చాకిరీ చేసి వచ్చేదాన్ని మరి, ఆ మాత్రం నిద్ర నా హక్కు అనుకునేదాన్ని.

ముఖం ముడతలకు సూది మందు అప్పుడప్పుడే మన ఊరికి వస్తోంది. దాన్ని ఫిల్లర్ అంటారు. గీత పడిన చోట చర్మం కింద చేరి ఆ లోతును నింపుతుంది. మా దగ్గరున్నది కొలాజెన్ ఒక్కటే. చర్మానికి బిగువునిచ్చే పదార్థం అది. పశువుల తోలు నుంచి తీసి, శుద్ధి చేసి, సిరంజిల్లో నింపి బయటి దేశం నుంచి పంపేవారు. ఎప్పుడూ చల్లగా ఉంచాలి. కరెంటు పోయిందంటే ఇంట్లో పిల్లల కంటే నాకు దాని ఫికరే ఎక్కువగా ఉండేది.

ఆషాఢం మొదట్లోనే ఒక మధ్యాహ్నం అండాలమ్మ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. లాల్‌దర్వాజాలో ఇల్లు, పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణం. భర్తా కొడుకూ దుకాణంలో కూర్చుంటే, ముత్యాలను రంగును బట్టీ సైజును బట్టీ ఏరి దండలు గుచ్చే పని ఇంట్లో ఆమెది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కళ్లు చికిలించి ముత్యాలు చూసి చూసి, కనుబొమ్మల నడుమ రెండు నిలువు గీతలు దిగబడిపోయాయి. ఆమె గుమ్మంలో నిలబడి నా వైపు చూడగానే, నేనేం తప్పు చేశానా అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నాకు కోపం లేదు సిస్టరమ్మా," అంది, అదే మొదటి మాటగా. "అందరు గిట్లనే లేచి నిలవడ్తరు. నువ్వు కూసో."

గొంతు మాత్రం వెన్నే.

కొడుకుకి ఆ ఎండాకాలమే పెళ్లయింది. కోడలు సుజాతది భువనగిరి. ఆషాఢంలో కొత్త కోడలు అత్త ఉన్న ఇంట్లో ఉండకూడదు కదా, పుట్టింటికి పంపారు. వెళ్లిన పిల్ల తల్లి దగ్గర ఏడ్చిందట. అత్తకు నేనంటే గిట్టదు, పొద్దున లేచింది మొదలు నన్ను చూసి మండిపడుతూనే ఉంటుంది, శ్రావణం వచ్చినా నేను పోనని చెప్పిందట. ఆ మాట కొడుకు చెవిన పడింది, కొడుకు నుంచి తల్లికి చేరింది.

"ఒక్క మాటనలే సిస్టరమ్మా ఆ పిల్లను. చాయ్ దాగుతవా బిడ్డా అని అడిగినా జడుసుకునేది. నేను జూసుడే తప్పయిపాయె. నా కొడుకు సరిగ తింటలేడు, నిద్రపోతలేడు. గీ గీతలు తీసెయ్యుండ్రి. పిల్ల మల్ల ఇంటికి రావాలె."

చెబుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. ఏడుస్తున్నప్పుడు కూడా ఆ ముఖం కోపంగానే ఉంది, పాపం.

డాక్టర్ సాబ్ పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. ఎవరికీ ఆశ పెట్టేవారు కాదు. "దేఖో అమ్మా, మొత్తం పోదు, తగ్గుతది. మూడు నెల్లో నాలుగు నెల్లో ఉంటది, బహుత్ హువా తో ఆరు. తర్వాత మందు కరిగిపోతది, గీత మల్ల వస్తది. సూది నొప్పి ఉంటది. మొదట ఉబ్బుతది, ఎర్రగైతది. కనుబొమ్మల నడుమ నెత్తురు నాళాలు ఉంటయి, అందుకే అక్కడ లోతుకు పోకుండ పైపైననే పెడ్త. కొందరికి మందు పడదు. ముందుగాల చేతికి టెస్ట్ జేసి నెల రోజులు చూడాలె. ఇంకోటి, ఇది పశువు తోలు నుంచి తీసిన మందు. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి."

అండాలమ్మ చేయి ముందుకు చాపింది. "అమ్మవారి ముందట కొట్టే డప్పు గూడ తోలే గద డాక్టర్ సాబ్," అంది.

కళ్లద్దాలు పెట్టుకుంటే ఇలా చికిలించే అవసరం ఉండదని కూడా ఆయన చెప్పారు. "అద్దాలా? నేనేమన్న ముసల్దాన్నయిననా?" అని ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో సూదికి సిద్ధమే, ముక్కు మీద అద్దాలకు మాత్రం ససేమిరా.

ముంజేతి లోపలి వైపు చర్మంలో చుక్క మందు వేసి, చుట్టూ బాల్‌పెన్‌తో సున్నా చుట్టాను. దీన్ని స్కిన్ టెస్ట్ అంటారు. అక్కడ ఎర్రబడినా, దురద పెట్టినా, గట్టిపడినా వెంటనే రమ్మన్నాను. మొదటిసారి చూపించుకున్నప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాత వారం చేయి చాపింది. సున్నా ఉన్నచోట ఇంత నల్లటి మచ్చ. అయిపోయింది, మందు పడలేదు, ఈ పిచ్చితల్లికి ఏమని చెప్పాలి అనుకుంటూ తడిమితే నా వేలు నల్లబడింది.

"పెన్ను గీత చెరిగిపోతుంటే కాటుక దిద్దిన," అంది అండాలమ్మ. "చెరిగితే పరీక్ష తప్పుతనేమోనని."

స్పిరిట్‌తో తుడిస్తే కింద చర్మం నున్నగా ఉంది. ఆ రోజు నేను నవ్విన నవ్వుకు డాక్టర్ సాబ్ గది లోంచి బయటికి వచ్చి చూశారు.

ఆ నెలలో ఆమె పిలవకుండానే వస్తూ ఉండేది. వరండాలో తెల్లగుడ్డ పరిచి ముత్యాలు పోసుకునేది. "ఎండల జూస్తే ముత్యం అబద్ధమాడ్తది సిస్టరమ్మా. గిట్ల ముసురుల జూడాలె, అప్పుడు తెలుస్తది ఏది తెలుపో, ఏది గులాబో," అనేది. లాల్‌దర్వాజా వైపు నుంచి బోనాల డప్పులు చినుకుల్లో తడిసి మెల్లగా వినిపించేవి. ఆమె వేళ్ల కింద ముత్యాలు అటూ ఇటూ దొర్లుతుంటే నాకు కళ్లు మూతలు పడేవి. ఆ నెలంతా ఒకే మధ్యాహ్నంలా గడిచిపోయింది. మాటలన్నీ సుజాత గురించే. పిల్లకు కాకరకాయ ఇష్టం. చాయ్‌లో చక్కెర తక్కువుండాలి. నిద్రలో మాట్లాడుతుంది. తనను చూసి పారిపోయిన కోడలి గురించి ఇన్ని సంగతులు తెలిసిన అత్తను నేను ఇంకెక్కడా చూడలేదు.

శ్రావణం రాగానే సూది వేశారు. మందులోని నీళ్లు ఒంట్లోకి ఇంకిపోతాయి కనుక కావలసినదానికంటే కాస్త ఎక్కువే నింపుతారు. అందుకే మొదట బుడిపెలా కనిపిస్తుంది. అండాలమ్మ నా చేయి నలిగిపోయేలా పట్టుకుంది. తర్వాత అద్దం ఇచ్చాను.

"ఇదేంది సిస్టరమ్మా, కొమ్ము మొలిచినట్టున్నది?"

"రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. చల్లటి గుడ్డ అద్దుకో. చేత్తో నలపొద్దు."

అది దిగాక, నున్నటి నుదురుతో భువనగిరి వెళ్లి కోడలిని పిలుచుకు రావాలని ఆమె అనుకుంది. కానీ కొడుకు ఆగలేకపోయాడు. తల్లికి చెప్పకుండా వెళ్లి, బతిమాలి, సూది వేసిన సాయంత్రమే పిల్లను తీసుకొచ్చేశాడు.

తరువాతి వారం చెకప్‌కు అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. జరిగింది నాకు సుజాతే చెప్పింది. "ఇంట్ల అడుగు వెట్టంగనే అత్తమ్మ గోడ దిక్కు తిరిగి కూసున్నది సిస్టర్. నా మొఖం జూడొద్దనే గట్ల కూసున్నదనుకున్న. మల్ల ఎల్లిపోదామనుకున్న. అత్తమ్మ ఇటు తిరిగితె నొసలంత ఎర్రగున్నది, ఉబ్బున్నది. ఎక్కడ వడ్డవ్ అత్తమ్మా అని దగ్గరికి ఉరికిన. గప్పుడు చెప్పింది. నువ్వు జడుసుకుంటున్నవని సూది గుచ్చిచ్చుకున్న బిడ్డా అన్నది." సుజాత అత్త కొంగు సర్దింది. "తడిగుడ్డ అద్దుకుంట కూసున్న. అంత దగ్గరగ ఆమె మొఖం ఎన్నడు జూడలే. గీతలు జూసి తల దించుకునుడే గాని కండ్ల దిక్కు జూడనే లేదు."

బుడిపె దిగి, గీతలు సగానికి పైగా తగ్గాయి. మంచి ఫలితమే. కానీ పిల్లను దగ్గరికి తెచ్చింది ఆ నునుపు కాదు, మేం క్షమించమని ముందే చెప్పుకునే ఆ వాపు. ఏ పుస్తకంలోనూ దాన్ని లాభాల కింద రాయరు.

చలికాలం ముగిసేలోపే గీతలు మళ్లీ తేలాయి, డాక్టర్ సాబ్ చెప్పినట్టే. ఒక రోజు అత్తాకోడళ్లు వాదించుకుంటూ మెట్లెక్కారు.

"మల్ల సూదియ్యుండ్రి," అంది అండాలమ్మ.

"ఇంకా ఎందుకమ్మా? పిల్ల ఇంటికి వచ్చేసింది కదా," అన్నాను.

"ఇది నెల తప్పింది సిస్టరమ్మా. రేపు పుట్టేటి బిడ్డ నన్ను జూసి జడుసుకుంటే?"

"వద్దని చెప్పుండ్రి సిస్టర్," అని సుజాత అడ్డం వచ్చింది. "ఆమెకు కోపమొస్తే మొఖంల కనవడది. వంటింట్ల గిన్నెలు సప్పుడైతయ్. నాకు తెల్వదా?" అత్త పక్కన కూర్చుని ఆమె చేయి తీసుకుంది. "నేను పెద్దగయినంక జూసిన గాబట్టి జడుసుకున్న అత్తమ్మా. కండ్లు తెర్వంగనే నీ మొఖం జూసే బిడ్డ నానమ్మంటే గిట్లనే ఉంటది అనుకుంటది. గీ గీతలు లేకుంటెనే ఎవరో అని ఏడుస్తది."

అండాలమ్మ మళ్లీ సూది మాట ఎత్తలేదు. కోడలి చేయి మాత్రం వదల్లేదు. సూది లేకుండానే ఇద్దరూ మెట్లు దిగి వెళ్లారు.

ఆ పనిలో ఇంకా చాలా ఏళ్లున్నాను. ఫిల్లర్ ఏం చేస్తుందని అడిగినవాళ్లకు అవే మాటలు చెప్పేదాన్ని. లోతు నింపుతుంది, ముందు ఉబ్బుతుంది, కొన్ని నెలలుంటుంది, తర్వాత గీత మళ్లీ వస్తుంది. అయితే అండాలమ్మ తర్వాత, ఇవి చెప్పడానికి ముందే ఒక మాట అడగడం నేర్చుకున్నాను. "ఈ ముఖం చూసి ఎవరు భయపడుతున్నారమ్మా?" అని. కోడలనో మనవడనో చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చేతిలోని అద్దం పక్కన పెట్టి, "నేనే సిస్టర్," అనేవారు.