సముద్రం లేని చోట జలాంతర్గామి

2004 జూన్‌లో నన్ను కడప వైపు నుంచి బదిలీ చేసి, బేతంచెర్ల చుట్టుపక్కల ఒక చిన్న స్టేషన్‌కు మాస్టర్‌గా వేశారు. స్టేషన్ పేరు రాయను. సింగిల్ లైన్ దారి మీద మూడు లైన్ల స్టేషన్ అది. ప్లాట్‌ఫారం ఉన్నది ఒకటో లైను, నేరుగా పోయేది రెండోది, గూడ్సు బండ్లు నిలుపుకునేది మూడోది. అప్పటికి నా సర్వీసు ఇరవై మూడేళ్లు. సర్వీసు రిజిస్టర్లో ఒక్క మచ్చ లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేవాణ్ని, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని.

స్టేషన్ మాస్టర్ అంటే జెండా ఊపే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. అసలు పని వేరు. ఏ బండి ఏ లైనులోకి రావాలో తేల్చి, ఆ లైను ఖాళీగా ఉందని పూచీ పడాలి. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలను పాయింట్లంటారు. మామూలు రోజుల్లో వాటిని గదిలోని ప్యానెల్ మీద బటన్లు నొక్కి తిప్పుతాం. ప్యానెల్ చెడిపోతే పాయింట్స్‌మన్ వెళ్లి చేత్తో తిప్పి, క్లాంపు బిగించి, తాళం వేసి, తాళంచెవి తెచ్చి మాస్టర్‌కు అప్పగిస్తాడు.

నా షిఫ్టులో పాయింట్స్‌మన్ ఖాదర్ బాషా. నాకన్నా రెండేళ్లు పెద్ద. పనిలో వంక పెట్టడానికి లేదు, నోరు మాత్రం విప్పడు. ఏం చెప్పినా "సరే సార్" తప్ప రెండో మాట రాదు. అలాంటివాడు దొరకడం నా అదృష్టమనుకున్నాను.

స్టేషన్ గేటు అవతల ఓబులేసుకు బండలు పాలిష్ పట్టే షెడ్డు ఉండేది. పదిహేనేళ్లు నౌకాదళంలో, అదీ జలాంతర్గామిలో, నీళ్లలో శబ్దాలు వినే పని చేసి వచ్చినవాడు. వస్తూ వస్తూ విశాఖపట్నంలో ఒక ఆట కొనుక్కొచ్చాడు. గళ్లు గీసిన సముద్రం అట్ట, చిన్న జలాంతర్గామి బొమ్మ, కార్డుల కట్ట, ఇసుక గడియారం. నలుగురు ఆడాలి. ఒకరి మీద ఒకరు ఆడేది కాదు. నలుగురూ ఒకే జలాంతర్గామిలో మనుషులు, శత్రువు ఆ కార్డుల కట్ట. గెలిస్తే అందరం గెలుస్తాం, మునిగితే అందరం మునుగుతాం.

ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తే మాకు సముద్ర యుద్ధమేమిటని నవ్వుకుంటూనే ఆదివారం సాయంత్రాలు షెడ్డులో కూర్చునేవాళ్లం. పాలిష్ పట్టిన వెడల్పాటి బండే మా బల్ల. గేటు దగ్గర కిరాణా అంగడి నడిపే రామనయ్య శెట్టి మూడో మనిషి. నాలుగో మనిషి దొరక్క బాషాను పిలిచాం.

కెప్టెన్ ఎవరని ఎవరూ అడగలేదు. నేను కూర్చున్నాను. ఓబులేసుది ఇంజను. శెట్టిది టార్పెడోలు, అంటే నీళ్లలో వదిలే బాంబులు. ఒక్కటి వదలమంటే ప్రాణం పోయినట్టు చేసేవాడు. బాషాది వినే పని. ప్రతి ఎత్తుకూ కట్టలోంచి కార్డు తీసి అతనొక్కడే చూస్తాడు. శత్రు నౌక ఏ దిక్కున ఉందో అందులో ఉంటుంది. చూపించకూడదు, నోటితో చెప్పాలి. ఇసుక జారిపోయేలోగా, ఆ నౌకకు ఎదురుపడకుండా ఎటు పోవాలో కెప్టెన్ తేల్చాలి.

వరసగా ఐదు ఆదివారాలు మునిగాం. కార్డుల్ని తిట్టాను, శెట్టి పిసినారితనాన్ని తిట్టాను. ఆరో వారం బాషా ఇంకా కార్డు చూస్తుండగానే "ఉత్తరానికి పోనీ" అన్నాను. పోయాం, మునిగాం.

"ఇంకా రెండు ఉండె కదప్పా, అన్యాయంగా పాయె!" అని శెట్టి మిగిలిన టార్పెడోలు చూసుకుని ఏడుపు మొహం పెట్టాడు.

ఓబులేసు బాషా చేతిలోని కార్డు తీసి తిప్పి చూశాడు. శత్రు నౌక ఉత్తరానే ఉంది.

"ఏమప్పా బాషా, ఉత్తరాన ఉండాదని తెలిసి కూడా చెప్పకపోతివే?"

"సార్ చెప్పేసినారు కదప్పా. సార్ చెప్పినాక నేనేం చెప్తా?"

శెట్టి పగలబడి నవ్వాడు, నేనూ నవ్వాను. ఓబులేసు నవ్వలేదు. జలాంతర్గామిలో బయటికి చూసే కిటికీలుండవనీ, వినేవాడి మాటే అందరికీ కళ్లనీ, వాడు నోరు మూసుకుంటే ఎవరూ ఇంటికి రారనీ చెప్పాడు. ఆ మాట నాకు బాగా తగిలింది. ఇంటికి నడుస్తూ, బాషా నాతో ఎన్నిసార్లు "సరే సార్" అని ఉంటాడో గుర్తు చేసుకోబోయాను. అందులో ఎన్నింటికి లోపల "కాదు" అనుకున్నాడో నాకెలా తెలుస్తుంది? మచ్చలేని సర్వీసు నా గొప్పతనమా, నా అదృష్టమా అని మొదటిసారి అనుమానం వచ్చింది. నిజం చెప్పాలంటే సిగ్గేసింది.

మరుసటి వారం ఓబులేసు కొత్త షరతు పెట్టాడు. కెప్టెన్ దిక్కు చెప్పగానే మిగతా ముగ్గురూ బండ మీద అరచేయి పెట్టి "ఔను" అనో "కాదు" అనో చెప్పాలి. "సరే" అన్న మాట చెల్లదు. బాషా రెండు వారాలు నా మొహం వైపు చూడకుండా "ఔను సార్" అంటూనే పోయాడు, మేం మునుగుతూనే పోయాం.

"ఈడ నీకేమన్నా ఇంక్రిమెంటు కోస్తారా? అను, కాదను!" అని శెట్టి ఎగతాళి చేసేవాడు.

మూడో వారం నేను తూర్పుకు పోనీ అనగానే బాషా బండ మీద చెయ్యి పెట్టి, ఆ చేతినే చూస్తూ, "కాదు సార్. తూర్పున ఉండాది" అన్నాడు. నేను పడమరకు తిప్పాను, బతికిపోయాం. ఆ సాయంత్రం మొదటిసారి గెలిచాం. శెట్టి అంగడికి పోయి నాలుగు మైసూర్‌పాక్ ముక్కలు తెచ్చాడు. ఊరికే పెట్టాడంటే అతన్ని తెలిసినవాళ్లు నమ్మరు.

ఆ మరుసటి ఏడు మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. చినుకు లేకుండా ఒకటే ఉరుములు. పిడుగు పడి ప్యానెల్ చచ్చిపోయింది, సిగ్నళ్లు ఆరిపోయాయి. ప్యాసింజరు బండి స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర నిలబడి హారన్ మోగిస్తోంది. కంట్రోలు ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను.

ఆ ఉదయం ఒక గూడ్సు బండిలో చక్రాలు వేడెక్కిన రెండు వ్యాగన్లను విడదీసి ఒకటో లైను చివర్లో నిలిపి ఉంచారు. ముందు షిఫ్టు మాస్టర్ డైరీలో రాశాడు, నేను చదివి సంతకం పెట్టి చార్జి తీసుకున్నాను. మర్చిపోకుండా ప్యానెల్ మీద ఆ లైను బటన్‌కు ఎర్ర మూత తొడగడం రూలు. తొడిగే ఉంది. కానీ చచ్చిన ప్యానెల్ వైపు నేను చూడటం మానేశాను. ప్యాసింజరు రోజూ వచ్చేది ఒకటో లైనుకే. మనిషిని పంపి లైను ఖాళీ అని తేల్చుకోవాల్సింది పోయి, కిటికీలోంచి చూసి ఖాళీ అనుకున్నాను. వంపు అవతల, తుమ్మ చెట్ల చాటున ఉన్న వ్యాగన్లు నాకు కనిపించలేదు. సిగ్నల్ బదులు డ్రైవరు చేతికిచ్చే కాగితాన్ని పైలట్ మెమో అంటారు. దాని మీద ఒకటో లైను అని రాసేశాను.

"బాషా, పాయింటు ఒకటికి తిప్పి క్లాంపు వేసి రా, తొందరగా!"

క్లాంపు భుజానేసుకుని గడప దాకా పోయినవాడు ఆగాడు. వెనక్కి వచ్చి నా బల్ల మీద అరచేయి పెట్టాడు.

"కాదు సార్."

నాకు ఒళ్లు మండింది. "ఏంది కాదు? బయట బండి అరుస్తాంటే!"

"ఒకటిలో రెండు వ్యాగన్లు ఉండాయి సార్. డ్యూటీకి వస్తా చూసినా."

ఈసారి చేతిని చూడటం లేదు, నా మొహంలోకి చూస్తున్నాడు. ప్యానెల్ వైపు తిరిగి చూశాను, ఎర్ర మూత అక్కడే ఉంది. బండి నిండా జనం. మంత్రాలయం మొక్కు తీర్చుకుని వస్తున్న సంసారాలు, సంచులు, పిల్లలు. రాసిన మెమోను చింపకూడదు. అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. అలాగే చేసి, ఇద్దరం వెళ్లి రెండో లైను ఖాళీ అని చూసుకుని, బండిని దానిలోకి తీసుకున్నాం. ఆ లైనుకు ప్లాట్‌ఫారం లేదు. జనం కంకర మీదికి దిగుతూ నన్ను తిట్టారు.

"యాడ దిగమంటారప్పా ఈడ? కాళ్లు ఇరగ్గొడతారా?" అని ఒక పెద్దామె నా మీదికి వచ్చింది.

ఆమె చెయ్యి పట్టుకుని నేనే దించాను. తిట్లు ఎంత హాయిగా ఉంటాయో ఆ రోజు తెలిసింది.

బండి పోయాక గదిలో మేమిద్దరమే మిగిలాం. జరిగింది మూడో మనిషికి తెలియదు. రద్దయిన మెమోను చేతి పొరపాటని సర్దేయవచ్చు. బాషాకు కూడా అదే తోచింది.

"రాయొద్దు సార్. మీ రికార్డు శానా శుభ్రంగా ఉండాది."

కానీ బాషా చేసిన పని కాగితం మీదికి ఎక్కాలంటే నా తప్పు ముందు ఎక్కాలి. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత డైరీలో రాశాను: ఒకటో లైనుకు తప్పుడు ఆదేశం ఇచ్చాను, పాయింట్స్‌మన్ ఖాదర్ బాషా కాదని నన్ను ఆపాడు.

విచారణలో అధికారి బాషాను అడిగాడు: మాస్టర్ మాటను కాదనే ధైర్యం నీకెలా వచ్చింది?

"ఆదివారాలు ప్రాక్టీసు చేసినాం సార్," అన్నాడు బాషా.

అధికారి నా వైపు చూశాడు. జలాంతర్గామి గురించి నేను వివరించాల్సి వచ్చింది. ఆయన మొహం చూసి తీరాలి. బాషాకు భద్రతా ప్రశంసాపత్రం వచ్చింది, నా రిజిస్టర్లో హెచ్చరిక ఎక్కింది. ఆ పత్రాన్ని ఓబులేసు షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించిన రోజున నాకు కలిగినంత గర్వం నా ప్రమోషన్లకు కూడా కలగలేదు. ఆ ఆదివారం నుంచి బాషాయే కెప్టెన్. నన్ను వినే పనిలో కూర్చోబెట్టారు.

ఆదేశమిచ్చేవాడు దాన్ని కాదనే దారి కూడా తానే ముందుగా ఏర్పాటు చేయాలి. కింది ఉద్యోగికి ధైర్యం దానంతటదే రాదు, పని లేని వేళ అలవాటు చేయించాలి. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇదే. తర్వాత పనిచేసిన రెండు స్టేషన్లలోనూ చార్జి తీసుకున్న రోజే, ఆదేశం విన్నాక ఔననో కాదనో చెప్పాలని, ఉత్త "సరే సార్" నాకు వద్దని చెప్పాను.

రిటైరయ్యే ముందు, ఆ హెచ్చరికను తొలగించమని అప్పీలు పెట్టుకుంటే మచ్చ లేకుండా పోవచ్చని ఆఫీసువాళ్లు సలహా ఇచ్చారు. అప్పీలంటే నా తప్పేమీ లేదని రాయాలి. నా తప్పు లేకపోతే బాషా కాదనడానికి కారణమే లేకుండా పోతుంది. ఫారం వెనక్కి ఇచ్చేశాను.