పత్రిలో దొరికిన పచ్చ జూకా

ఆ రోజుల్లో ప్రపంచాన్ని బాగుచెయ్యడానికి ఒక ఖాళీ స్థలం దొరికితే చాలనుకునేదాన్ని. డిగ్రీలో బాటనీ చదివే పిల్లకు అంతకంటే పెద్ద పిచ్చి ఏముంటుంది? తిరుపతిలో మా కాలనీ మధ్య పార్కు కోసమని వదిలేసిన జాగా ఉండేది. అక్కడ తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ తోట వేస్తానని వీధి పిల్లల్ని వెంటేసుకుని జిల్లేడు, విష్ణుక్రాంతం, ఉత్తరేణి, ఉమ్మెత్త తెచ్చి నాటాను (నాటకపోయినా మొలిచేవే, అయినా రోజూ నీళ్ళు పోసేదాన్ని). కాలనీ ప్రెసిడెంటు మామ గేటు దగ్గర నిలబడి చూశారు.

"ఏమ్మే, అందురూ పీకి పారేసే సెట్లకు నీళ్ళు పోస్తా ఉండావా? మేం ఈడ రోజాలు పెట్టల్లనుకుంటా ఉండాం. వినాయక చవితి దాకా సూస్తా. నీ సీతాకోకచిలుకలు రాకుంటే పీకించేస్తా."

"మన పురుగులకి మన సెట్లే కావల్ల మామా" అన్నాను, పెద్ద శాస్త్రవేత్తలాగా.

చవితి దగ్గరపడేసరికి జిల్లేడాకుల మీద చారల గొంగళిపురుగులు కనిపించాయి. సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. వాటిలో ఒకటి ఆకు అడుగున గూడు కట్టుకుని పచ్చ జూకాలా వేలాడింది. ఇంకేం, గెలిచేశానని వీధంతా చెప్పుకొచ్చాను. చవితి పొద్దున తలంటుకుని పరుగున వెళ్తే తోటలో కాడలే మిగిలి ఉన్నాయి. కాలనీ మొత్తం బుట్టలతో వచ్చి పత్రి కోసుకుపోయింది. నేను ఏరికోరి నాటినవన్నీ వినాయకుడికి పెట్టే ఆకులేనన్న సంగతి ఇంత బాటనీ చదివిన నాకు తట్టనేలేదు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. "యాల ఏడస్తా ఉండావు? నేనూ ఆడినుంచే తెచ్చినాను" అంది మా అవ్వ, దేవుడి ముందు పత్రి కుప్ప పోస్తూ. ఆ కుప్పంతా తిరగేశాను. ఒక జిల్లేడాకు కింద నా జూకా ఉంది! రంగు మారి, లోపలి రెక్కలు కనిపిస్తున్నాయి. అవ్వ ఆ ఆకును కిటికీ చువ్వకు దారంతో కట్టింది. నాయన కథ చదువుతున్నాడు గానీ ఒక్కరమూ వినలేదు (చదివే నాయన కూడా కిటికీ వైపే చూస్తున్నాడు). పూజ ముగుస్తుండగా గూడు చిట్లింది. నారింజ రంగు రెక్కలు నలిగిన బట్టలా బయటికొచ్చి మెల్లగా విచ్చుకున్నాయి. నేను పరుగెత్తి ప్రెసిడెంటు మామను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

మామ చాలాసేపు చూసి, "ఒగటేనా?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

"పీకించు నాయనా" అంది అవ్వ, మామ చేతిలో కుడుము పెడుతూ. "వచ్చే చవితికి మీ ఇంట్లో దేవునికి రోజా ఆకులు పెడుదురు."

మామ కుడుము తిని వెళ్ళిపోయారు. మర్నాడు గేటుకి బోర్డు వేలాడింది: "పత్రి తోట. చవితి నాడు తప్ప ఆకులు కోయరాదు."

ఇప్పటికీ మా ఇంట్లో చవితి పూజ ఆలస్యమే. ప్రతి ఆకూ తిరగేసి చూశాకే దేవుడి దగ్గర పెడతాను. "మధ్యాన్నమైపోతా ఉండాది" అని మా ఆయన గొణుగుతారు. ఇన్నేళ్ళలో ఇంకో జూకా దొరకలేదు. అయినా జిల్లేడాకు చేతికి రాగానే, ఈ వయసులోనూ, నా గుండె దడదడలాడుతుంది.