మంచె మీంచి తూర్పారబట్టిన సామలు

పాంగి కనక ముందు నేను ఓడిపోయాను. దాచుకుని లాభం లేదు, డుంబ్రిగుడ సంతలో ఉల్లిపాయలమ్మే మనిషిని అడిగినా చెప్పేస్తాడు. నేను ఆమె ఊరి పక్క బళ్లో సైన్సు మాస్టారిని. సాలూరు వాణ్ణి. పుస్తకంలో ఉంటే చాలు, లోకంలోనూ ఉన్నట్టే అనుకునే రకం. కనక బడి గుమ్మం తొక్కలేదు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది, చేతిలో చేట ఉంటే ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా తల తిప్పదు.

ఆ ఊళ్లో ముప్పై ఇళ్లు. వాళ్లు వేసే సామ పొట్టిగా పెరుగుతుంది, ఎంత గాలివానకీ పడిపోదు. దాని విత్తనాన్ని ఏటేటా దాచిపెట్టేది కనక ఇల్లే. అత్తగారు పోయాక ఆ బాధ్యత ఈమె మీద పడింది. కొండ కింది విత్తన సంఘం వాళ్లు ఈ రకాన్ని చుట్టుపక్కల మండలాలకి పంచుతామని ముందుకొచ్చారు. షరతు ఒక్కటే. నూరు గింజలు తడిగుడ్డలో పెడితే ఎనభై అయిదు మొలవాలి. కిందటేడు అరవై రెండే మొలిచాయి. ఈసారీ తప్పితే జాబితాలోంచి తీసేసి ఊరికి బయటి విత్తనమే ఇస్తామని, సంఘం తరఫున వచ్చే సౌందర్య మెత్తగానే చెప్పి వెళ్లింది. ఆ రోజు కనక అన్నం ముట్టలేదని ఆమె కోడలు జయశ్రీ నాతో అంది.

తప్పు విత్తనానిది కాదు, అందులో కలిసిన తాలుది. సామ గింజే ఆవగింజంత. నిండు గింజా, లోపల ఏమీ లేని తాలు గింజా పైకి ఒకలాగే కనిపిస్తాయి. సంఘం వాళ్లు ఒక ఫ్యాను మెషిన్ పంపారు. దాని ఊపుకి తాలుతో పాటు మంచి గింజ కూడా కంచె దాటిపోయింది, కోళ్లు పండగ చేసుకున్నాయి. కనక దాని మీద గోనె కప్పేసి, "దీనికి ఊదడమే తెలుసు, సూడ్డం తెల్దు" అంది.

చేటతో తూర్పారబడదామంటే గాలి లేదు. నవంబరు మంచు పదింటిదాకా కదలదు, ఆ తర్వాతా ఆకు అల్లాడేపాటి గాలే. అలా మూడు రోజులు గడిచాయి. మొలక పరీక్షకి సౌందర్య శనివారం వస్తుంది. గురువారం నేను కళ్లానికి వెళ్లి, ఎవరూ అడగకుండానే సలహా ఇచ్చాను.

"కనకమ్మా, బరువుదైనా తేలికదైనా ఒకే వేగంతో పడుతుంది. సైన్సు అదే చెప్తుంది. గాలి గట్టిగా వీచేదాకా ఆగాలి."

"ఒకే వేగమా? నా సేట కింద నిలబడి సెప్పు మాస్టారూ" అంది.

నిలబడ్డాను. గింజలు టపటపా నెత్తిన కొట్టాయి. పొట్టు తీరిగ్గా దిగి కళ్లజోడు మీద వాలింది. కళ్లంలో ఉన్న ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు.

"అది గాలి అడ్డుపడడం వల్ల. గాలే లేని చోట పొట్టూ గింజా కలిసే నేల మీద పడతాయి" అన్నాను రోషంగా.

కనక చేట దులిపింది. "గాలి నేని సోట సామలు తూర్పారబట్టీదెలాగ మరి? ఆ ఊరికి పిల్లనివ్వకూడదు."

ఇక నా పరువు కోసం పాఠం మొదలుపెట్టాను. భూమి లాగుతుంటే ఏ వస్తువైనా పడేకొద్దీ జోరందుకుంటుంది. జోరు పెరిగేకొద్దీ గాలి ఎదురు నెడుతుంది. తేలిక గింజ ఆ నెట్టుడికి ముందే లొంగిపోతుంది, దాని జోరు ఇక పెరగదు. బరువు గింజ ఇంకా జోరందుకుంటూనే ఉంటుంది.

"అయితే ఎంత పైనించి ఇడిస్తే అంత ఎడం వత్తాదన్నమాట" అంది కనక.

"వస్తుంది" అన్నాను, క్లాసులో అన్నట్టే. పదిహేనేళ్లుగా ఆ పాఠం చెప్తున్నాను. అది ఎందుకు పనికొస్తుందో నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఆమె చూపు మాత్రం అప్పటికే చేను గట్టున రెండు నిలువుల ఎత్తున్న మంచె మీద ఉంది. పందుల్ని కాయడానికి వేసిన మంచె అది.

అక్కడే చిక్కొచ్చింది. కొండదేవతకి తొలి పిడికెడు పెట్టేదాకా గింజ కళ్లం దాటకూడదు. గింజని మంచె దగ్గరికి మోయబోతే ఊరి పెద్ద బుధు అడ్డం నిలబడ్డాడు. ఆ పిడికెడు పెట్టేది తూర్పారబట్టాకే.

"గింజ కళ్లం దాటకూడదు, నిజమే తాతా. మంచె కళ్లంలోకి రాకూడదని ఎవులన్నారు?" అంది కనక.

బుధు వెళ్లి తనే ఒక గుంజ పట్టుకున్నాడు. సాయంత్రానికి మంచె కళ్లం నడుమ నిలబడింది.

శుక్రవారం పదిన్నరకి మంచు విడింది. కనక చేటతో పైకెక్కి సన్నటి ధారగా వదిలింది. అదే ఆకు అల్లాడేపాటి గాలి. ఆ ఎత్తు నుంచి పడుతుంటే అదే సరిపోయింది. నిండు గింజ తిన్నగా చాప మీద రాలింది. తాలు ఒక మూర అవతల పడింది. పొట్టు ఇంకా దూరం పోయింది. వేరువేరుగా మూడు చారలు. నేను తాలు చారలోంచి గింజలు తీసి గోటితో నొక్కి చూశాను, అన్నీ డొల్లే. "కనకమ్మా, పడ్డాయి, విడివిడిగా పడ్డాయి" అని పిల్లాడిలా అరిచాను. ఆమె కిందికి చూడనే లేదు, "జయా, బేగి మరో సేట అందియ్యి" అంది. పొద్దుగూకేదాకా దిగలేదు.

శనివారం సౌందర్య వచ్చి నూరు గింజలు తడిగుడ్డలో చుట్టింది. ఎనిమిదో రోజున ఊరంతా చూస్తుండగా విప్పి లెక్కపెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. తొంభై నాలుగు. బుధు అక్కడికక్కడే డప్పు తెమ్మన్నాడు. కనక మాత్రం మొలవని ఆరు గింజల్నీ అరచేతిలో వేసుకుని కోపంగా చూసింది.

సౌందర్య బస్తాకి చీటీ కడుతూ, సంఘం పేరు రాయబోయింది. కనక ఆ చెయ్యి పట్టుకుంది.

"అందరికీ పంచమ్మా, కాదన్ను. ముందు మా ఊరి పేరు రాయి. ఈ ఇత్తనం మాది."