కూర్చోని డాక్టరమ్మ

బొంగరం డాక్టరమ్మకు కూర్చోవడం చేతకాదు. గదిలో ఆవిడ కుర్చీకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. నాడి నడుస్తూ చూస్తుంది, మందుచీటీ గోడకు ఆనించి రాస్తుంది. ఆవిడ మలుపు తిరిగిన కాసేపటికి గానీ మెడలోని స్టెతస్కోపు మలుపు తిరగదని కాంపౌండరు ఒట్టేసి మరీ చెబుతాడు.

వయసొచ్చిన ఆడపిల్లల వైద్యానికి ఆవిడ పెట్టింది పేరు. పిల్లలు ఒంటరిగా ఎక్కడొస్తారు? వెంట తల్లో, అత్తో ఉండాల్సిందే. నొప్పి పిల్లది, నోరు పెద్దావిడది.

ఆ రోజు పందొమ్మిదేళ్ళ కొత్త కోడలు అత్తగారి వెనక నిలబడి చున్నీ కొస మెలిపెడుతోంది. డిగ్రీ ఆఖరి ఏడాది. పరీక్షలయ్యేదాకా బిడ్డ వద్దని ఆమె కోరిక. మొగుడు సరేనన్నాడు గానీ, వాళ్ళమ్మ ఎదుట అతని గొంతు పెగలదు. ఈ పూట అడగలేకపోతే ఇక అడిగేది లేదు.

"పెళ్ళయి మూడు నెలలు. ఇంకా నెల తప్పలేదు. బలానికి ఏదన్నా రాయండి," అంది అత్తగారు.

"నడుస్తూ మాట్లాడుకుందాం, రండి!" డాక్టరమ్మ అప్పటికే వరండా చివరికి చేరింది.

"ఇదేం వైద్యమమ్మా? పరుగు పందెమా?"

"ఒంటికి మంచిదండీ!"

వార్డు చుట్టారు. మందుల గది చుట్టారు. మెట్లెక్కారు, దిగారు, ఎందుకు దిగారో తెలియకుండానే మళ్ళీ ఎక్కబోయారు.

"అమ్మాయ్, నువ్వెళ్ళి విను. నా మోకాళ్ళు నా మాట వినడం లేదు," అంటూ అత్తగారు కింద బల్ల మీద కూలబడింది.

పై మలుపు తిరగ్గానే డాక్టరమ్మ మెట్టు మీద చతికిలబడింది. కోడలు తెల్లబోయింది.

"ఆవిడకేం కావాలో విన్నాను. నీకేం కావాలి తల్లీ?"

కోడలి మాటలు ఒకదాన్నొకటి తోసుకొచ్చాయి. "పరీక్షలయ్యేదాకా పిల్లలొద్దండీ. మాత్రలు మింగితే ఇంక ఎప్పటికీ పుట్టరటగా?"

"ఎవరన్నారు?"

"అత్తయ్య."

"ఆపేస్తే పుడతారు. మాత్రలొక్కటే కాదు, వేరే పద్ధతులూ ఉన్నాయి. బీపీ చూసి, నీకు పడేదేదో ఇవాళే తేల్చుకుందాం. నువ్వు చెప్పమంటే తప్ప ఈ మాట ఈ మెట్టు దిగదు."

కోడలు గట్టిగా ఊపిరి తీసుకుంది. అప్పుడు చూస్తే, డాక్టరమ్మ బూట్లు విప్పేసి అరికాళ్ళు నొక్కుకుంటూ మూలుగుతోంది.

"మీకు నడకంటే ప్రాణం కదండీ?"

"నా మొహం! మోకాళ్ళరిగి ఏళ్ళయింది. ఏం చేయను? బయట కూర్చోండంటే మీ పెద్దాళ్ళు కదలరు గదా!"

కింద చెప్పుల చప్పుడు. "ఏమందే డాక్టరమ్మ?"

డాక్టరమ్మ గబగబా బూట్లలో కాళ్ళు దూర్చింది.

"లే, లే! మీ అత్తగారి ఆయాసం తీరినట్టుంది. ఈసారి డాబా మీదికి తిప్పుదాం!"