ఎడమ కాలు ముందుకా, వెనక్కా

మొన్న తార్నాకలో మందుల షాపు ముందు నిలబడి ఉంటే ఎదుటి మేడ మీద రెండు బోర్డులు కనిపించాయి. ఒకచోట ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పుతారట, ఇంకోచోట కర్రసాము. "నిజంగ ఎవడన్న మీదికొస్తే రెండిట్ల ఏది పనికొస్తది అమ్మమ్మా?" అని మనవరాలు అడిగింది. రెండూ నేర్చుకున్నదాన్ని, ఒకసారి వాడినదాన్ని, అయినా ఏది పనికొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అరవైల చివర్లో నేను బీఎస్సీ రెండో ఏడు. తార్నాకలోని మా ఇంటి నుంచి యూనివర్సిటీ లోపలి దారిన కాలేజీకి నడిచే వెళ్లేదాన్ని. అటూ ఇటూ బండలు, సీతాఫలం పొదలు. మధ్యాహ్నం దాటితే మనిషి అలికిడి ఉండేది కాదు. ఆ దారిలో ఒకడు సైకిల్ మీద వెంటపడటం మొదలుపెట్టాడు. మొదట ఈల, తర్వాత మాటలు, ఒకరోజు ఓణీ కొంగు పట్టి లాగాడు. అన్న నాలుగు రోజులు నా వెంట వచ్చాడు. ఆ నాలుగు రోజులూ వాడు కనిపించలేదు, ఐదో రోజు మళ్లీ వచ్చాడు. "చదివింది చాలు, ఇంట్ల ఉండు" అంది అమ్మ. నాన్న ఒక నెల చూద్దామన్నాడు. ఆ నెల రోజులకూ నన్ను మేనమామ, అన్న పంచుకున్నారు.

మామ మల్కాజ్‌గిరిలో ఉండేవాడు. రైల్వేలో ఫిట్టరు, చిన్నప్పటి నుంచీ తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో, కర్ర తిప్పినవాడు. అన్న యూనివర్సిటీ బాక్సింగ్ జట్టులో ఉండేవాడు. ముక్కు కొంచెం పక్కకు తిరిగి ఉండటం అతనికి గర్వం. పొద్దున డ్యూటీకి పోయేముందు మామ వచ్చి పెరట్లో కర్ర పట్టించేవాడు. సాయంత్రం అన్న పాత బొంత చుట్టి జామచెట్టుకు కట్టి గుద్దమనేవాడు. ఆదివారం ఇద్దరూ ఎదురుపడితే నా పాఠం ఆగిపోయి వాళ్ల వాదన మొదలయ్యేది.

"నీ తాలింల ఎవడన్న నిన్ను నిజంగ కొట్టిండా మామా? అంత ముందే అనుకున్న దెబ్బలే కద" అనేవాడు అన్న.

"నీ ఆటల గంట కొట్టి ఆపెటోడు ఉంటడు. రోడ్డు మీద గంట ఎవడు కొడతడురా?" అనేవాడు మామ.

ఇద్దరి మాటా నిజమే అనిపించేది. అదే నా చిక్కు. పైగా మామ ఎడమ కాలు వెనక్కి వేయమనేవాడు, అన్న అదే కాలు ముందుకు వేయమనేవాడు.

ఒకరోజు ప్రాక్టికల్స్ అయి నాలుగింటికి వస్తుంటే, మలుపులో వాడు సైకిల్ దిగి నా మణికట్టు పట్టుకున్నాడు. చేతిలో కర్ర లేదు, రికార్డు పుస్తకం ఉంది. కాలు వెనక్కి వేశానో, ముందుకు వేశానో, రెండూ ఒకేసారి వేయబోయానో గానీ, లంగా కాళ్లకు అడ్డంపడి వాడి మీదికి తూలాను. నా నుదురు వాడి నోటికి తగిలింది. సైకిల్‌తో సహా కింద పడ్డాడు. అంతవరకు అర్థమవుతుంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని "వద్దక్కా, వద్దు" అంటున్నవాణ్ని పుస్తకంతో ఇంకా ఎందుకు కొట్టానో, ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. ఎప్పుడు ఆపాలో ఇద్దరిలో ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో అమ్మ నుదుటికి పసుపు అద్దింది. చదువు మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు. "చూసినవా, కాలు పని చేసింది" అన్నాడు మామ. "కాలు కాదు, దగ్గరికి జొరబడ్డది. అది మా ఆట" అన్నాడు అన్న. ఇద్దరికీ తల ఊపాను.

కొన్ని నెలల తర్వాత తార్నాక బస్‌స్టాపులో వాణ్ని చూశాను. ముందు పన్ను లేదు. పక్కన వాళ్లమ్మ కాబోలు, ఒక ముసలామె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి వాడు మొహం తిప్పుకున్నాడు. సంతోషం కలిగింది, కాదనను. ఇంతలో ఆమె పక్కకు జరిగి "కూసో బిడ్డా" అంది. కూర్చోవాలో వద్దో తెలియక బస్సు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.

ఇప్పుడు ఆ బండలు లేవు, మామా లేడు, అన్నా లేడు. అప్పటి భయం, కోపం ఎప్పుడు పోయాయో గమనించనే లేదు. కాలం ఒక్కొక్కటే తీసుకుపోతూ, ఏమనుకోవాలో తెలియని బస్‌స్టాపులోని ఆ కొన్ని నిమిషాలను మాత్రం నా దగ్గరే వదిలేసింది.