నిటారుగా దిద్దిన ఫోటో

ఒక మంగళవారం పొద్దున రాజేశ్వరమ్మ భర్త అంతయ్య సంచి పట్టుకుని కొత్తపేట రైతుబజారుకు బయల్దేరాడు. సొరకాయ తెస్తానన్నాడు. మధ్యాహ్నమైనా తిరిగి రాలేదు.

రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు. తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టేవాడు. ఒక్కోసారి భార్యను పట్టుకుని చెల్లెలి పేరుతో పిలిచేవాడు. ఆ పొద్దున మాత్రం మాట తేటగా ఉంది, చొక్కా గుండీలు కూడా తనే సరిగ్గా పెట్టుకున్నాడు. అందుకే ఆమె ఆపలేదు.

అంతయ్యది పోచంపల్లి పక్క పల్లె. మగ్గం నడవక, పెళ్లయిన మూడేళ్లకే భార్యతో సరూర్‌నగర్ చేరాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ఇరవై ఏళ్లకు పైగా చీరలు పరిచి చూపించి, మడిచి పెట్టాడు. పదిహేడేళ్ల కిందట గోదాములో నిచ్చెన మీంచి పడ్డప్పుడు మెడ ఎడమ భుజం వైపు వంగి, అట్లాగే ఉండిపోయింది. ఎన్ని దవాఖానాలు తిరిగినా లేవలేదు. వాళ్లకు పిల్లలు లేరు. రాజేశ్వరమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడుతుంది.

రాత్రిదాకా వెతికి, మర్నాడు పోలీసులకు చెప్పారు. వాళ్లు ఫోటో అడిగారు. ఆయన ఒక్కడే ఉన్న ఈమధ్యటి ఫోటో ఒకటే దొరికింది. చలికాలంలో ఆయన శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడితే రాజేశ్వరమ్మే ఫోన్లో తీసింది. ఆమె చేతిలో ఫోన్ ఒరిగినట్టుంది, అందులో గుమ్మమూ మనిషీ ఒక పక్కకు వాలిపోయి ఉన్నారు.

పై గదిలో సింధూర అనే అమ్మాయి అద్దెకు దిగి వారమే అయింది. తెనాలి నుంచి వచ్చి గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటోంది. సంగతి తెలిసి ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికి వచ్చింది.

"ఫోటో నిటారుగా చెయ్యడానికి యాప్ లాంటివేమీ అక్కర్లేదు ఆంటీ. బ్రౌజర్‌లోనే అయిపోతుంది, ఇలా చూడండి."

ఫోటో తెర మీదికి ఎక్కింది. దాని మీద సన్నటి గీతల గడులు పరుచుకున్నాయి. కింద ఇంకో గీత, దాని మీద చిన్న చుక్క. ఆ చుక్కను జరిపితే ఫోటో మెల్లగా తిరుగుతోంది. సింధూర కొంచెం జరిపింది. గుమ్మం నిటారుగా నిలబడింది. అంతయ్య మెడ మాత్రం ఎప్పటిలాగే ఎడమకు వంగి ఉంది.

"ఇంకా ఒరిగే ఉంది కదా," అనుకుంటూ సింధూర చుక్కను ఇంకొంత లాగింది. ఈసారి ముఖం నిటారుగా నిలబడి, గుమ్మం రెండోవైపుకు ఒరిగింది. మూలల్లో ఖాళీలు వచ్చాయి. ఆ ఖాళీలు పోయేలా చుట్టూ కత్తిరించేసరికి గుమ్మం కూడా పోయి, ముఖమూ శాలువా మిగిలాయి. ఆ పిల్ల అంతయ్యను చూసింది ఒకటి రెండుసార్లే, అదీ ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు. ఆ మెడ అంతేనని ఆమెకు తెలియదు.

రాజేశ్వరమ్మకు తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది కూడా. కానీ తెర మీంచి అంతయ్య తలెత్తి ఆమెను సూటిగా చూస్తున్నాడు. పదిహేడేళ్ల తర్వాత ఆ చూపు కనబడింది. పెళ్లిచూపులకు వచ్చి, అందరూ ఉండగానే బెదురు లేకుండా ఆమెను చూసిన మనిషి ఇతనే. మెడ వంగాక దుకాణంలో ఆయనకు పెట్టిన పేరు, ఆటోలో పక్కవాళ్లు నవ్విన నవ్వులు ఆమె మనసులో మెదిలాయి. ఊరంతా చూసే ఫోటోలోనైనా ఆయన ఇట్లా ఉండనీ అనుకుంది.

"బాగుందా ఆంటీ?"

"మంచిగున్నడు బిడ్డా."

"గుర్తులేమైనా రాయాలా?"

"నీలం అంగీ. మతిమరుపుందని రాయి."

ఆ ఫోటోనే పోలీసులకు ఇచ్చారు, వాట్సాప్ గ్రూపుల్లో పంపారు. రెండు వందల కాగితాలు అచ్చు వేయించి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాలకు అంటించారు. నాలుగు రోజులు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు.

ఐదో రోజు రాజేశ్వరమ్మ ఎల్.బి.నగర్ వెళ్లి, బస్సులు ఆగే చోట కనబడ్డ ప్రతి ఒక్కరినీ అడిగింది. అక్కడ తిరుపతమ్మ అనే ఆమె టీ బండి నడుపుతోంది. కాగితం చూసి తల అడ్డంగా ఊపింది.

"జర మంచిగ చూడమ్మా. గిట్ల సక్కగుండడు. మెడ ఎడమ దిక్కు వంగి ఉంటది," అంది రాజేశ్వరమ్మ.

తిరుపతమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది.

"మెడ వంగినాయనా? నీలం అంగీ? ఒచ్చిండమ్మా! రెండు దినాలు గీ గట్టు మీదనే కూసున్నడు. బన్ను పెట్టి ఛాయ్ పోసిన. గా స్తంభం మీద మీ కాగితం ఉండె. దాన్నీ చూసిన, ఆయన్నీ చూసిన. కాగితంల ఆయన సక్కగుండె గదా, కాదనుకున్న."

"యాడికి పోయిండు?"

"ఊరికి పోతనన్నడు. నిన్న పొద్దుగాల్ల చౌటుప్పల్ దిక్కు బస్సెక్కిండు. నేనే ఎక్కిచ్చిన తల్లీ, ఎవరో పెద్దమనిషి ఇంటికి పోతుండనుకున్న." తిరుపతమ్మ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. "నేను గుర్తు పట్టకపోతి. పాపం నాదే."

కాదని చెప్పడానికి రాజేశ్వరమ్మకు నోరు రాలేదు.

అదే రోజు ఊరికి వెళ్లింది. అక్కడికి ఆయన చేరలేదు. చౌటుప్పల్ బస్టాండులో ఎవరికీ గుర్తు లేదు. ఇంటికి తిరిగొచ్చి, గుమ్మం నిటారుగా, మెడ వంగి ఉండేలా ఫోటోను మళ్లీ దిద్దమని సింధూరను అడిగింది.

"అదేంటి ఆంటీ, ఆ రోజు చెప్పలేదే?"

"యాదికి రాలే బిడ్డా."

సింధూర ఇంకేమీ అడగకుండా దిద్ది ఇచ్చింది.

కొత్త కాగితాలు అంటించాక ఫోన్లు మొదలయ్యాయి. భువనగిరి నుంచి ఒకటి, సూర్యాపేట నుంచి ఒకటి, నల్గొండ దవాఖాన నుంచి ఒకటి. ప్రతిచోటికీ వెళ్లింది. మెడ వంగిన ముసలివాళ్లు ఇంతమంది ఉంటారని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఎవరూ అంతయ్య కాదు. ఒకాయన ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. విడిపించుకుని వచ్చేసింది.

ఆరు నెలలకు ఫోన్లు ఆగిపోయాయి. పరీక్షలు రాసి సింధూర గది ఖాళీ చేసింది.

తిరుపతమ్మ మాత్రం నెలకోసారి ఫోన్ చేసి ఏమన్నా తెలిసిందా అని అడుగుతుంది, తప్పు తనదేనని ఏడుస్తుంది. ఆ ఏడుపు వినలేక రాజేశ్వరమ్మ ఒక మధ్యాహ్నం ఎల్.బి.నగర్ వెళ్లింది. బండి పక్కన నిలబడి ఫోటో సంగతంతా చెప్పింది.

"నాకెరికుండి ఊకున్న. సక్కగ కనిపిస్తే సంబురమైంది. నీ తప్పేం లేదు."

తిరుపతమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"గీ ఆరు నెలలు నాకు కంటి మీద కునుకు లేదు. గిప్పుడా చెప్తున్నవ్?"

బస్సు దిగిన నలుగురు టీ అడిగారు. తిరుపతమ్మ గ్లాసులు కడగడానికి అటు తిరిగింది. మళ్లీ ఇటు చూడలేదు.